గడ్డ

పదిహేడో రోజు స్నానం చేయిస్తుంటే
వసుంధర చెయ్యి ఆగిపోయింది.
"ఇటు రా" అంది. అంతే.
పిల్లాడి మెడ కుడిపక్క, చర్మం కింద,
గట్టిగా, వక్కంత.

వక్క అనే అన్నాను పైకి.
లోపల వేరే మాటలు తిరుగుతున్నాయి,
వాటిని నోటిదాకా రానివ్వలేదు.
పక్క ఫ్లాట్ రఫియా అక్క తడిమి చూసి
"బిళ్ళ కట్టిందిలే, ఆముదం వెచ్చజేసి నలిపితే కరుగుద్ది" అంది.
వసుంధర పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

పరాయిగడ్డ అంటారే, ఆ గడ్డ వేరు, ఈ గడ్డ వేరు
అని ఆ రాత్రి నిద్ర పట్టక
నాకు నేనే తెలుగు పాఠం చెప్పుకున్నాను.

జుబైల్‌లో నా పని ఇలాంటిదే.
రోజుకి నలభై అతుకులు.
పైపుకి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి,
ఉక్కులోకి శబ్దాన్ని పంపి
తిరిగొచ్చేదాని కోసం తెర చూస్తాను.
గీత ఒకటి లేవకూడని చోట లేచిందా,
పసుపు చాక్‌తో సున్నా చుడతాను.
చుట్టిన చోట కోసేస్తారు.
పదకొండేళ్ళుగా నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఆస్పత్రిలోనూ జెల్లే. కాకపోతే వెచ్చబెట్టారు.
తెర నిండా మబ్బు.
గీత కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు.

"ఎలా పుట్టాడు?" అడిగింది డాక్టర్ నష్వా.
ఎదురుకాళ్ళతో.
మావైపు అలాంటివాడు తొక్కితే
ఎవరి నడుం పట్టయినా వదులుతుందంటారు.
వీడు తన మెడే పట్టించుకుని వచ్చాడు.

"వచ్చే దారిలో కండరం నలిగింది,
మానుతూ ముడి పడింది.
కోయక్కర్లేదు. నలపొద్దు.
తల కుడికి తిప్పుతుండండి, మెల్లగా, రోజూ.
నెలలు పడుతుంది."
కోయక్కర్లేదు, అని ఇంకోసారి చెప్పించుకున్నాను.

వాడి చూపెప్పుడూ ఎడమకే.
అందుకని మంచం తిప్పేశాం.
ఇప్పుడు కుడివైపు కిటికీ,
కిటికీలో దూరంగా ప్లాంటు మంట,
రాత్రంతా ఊగుతూ.
పాలకి ముందు ఆమె, పడుకోబోయే ముందు నేను,
గాజుగ్లాసు మూత తిప్పినట్టు తిప్పుతాం.
ఏడుస్తాడు. ఆపుతాం. మళ్ళీ.

నిన్న నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి
ఎవరూ తిప్పకుండానే
వాడి గడ్డం మంట వైపుంది.
వేలు ఆనించాను.
ఉంది. రేగ్గింజంత.
జేబులో చాక్ ముక్క తగులుతోంది.

"చేతులు కడుక్కున్నావా?"
అంది వసుంధర, కళ్ళు తెరవకుండా.