బహమన్ ముప్పై మూడు

నాంపల్లి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ
జిరాక్స్ మిషను పక్కన రెండడుగుల బల్ల నాది.
ఇరవై ఆరేండ్లు దస్తావేజులు రాసిన.
తూర్పు ఎటో చూడకుండనే
"తూర్పున: సర్కారు బాట" అని రాసేటోణ్ణి.

తీతువు గుట్ట కాయిదం కూడ గట్లనే వచ్చింది.
సర్వే నంబరు నూట పదకొండు,
నలభై రెండెకరాల పదమూడు గుంటలు,
పోట్ ఖరాబ్.
అంటే దున్నితే గింజ రాలని నేల.
జలంధర్ రావు గింజలడగలే.
"పలుగురాయి ఉన్నదని రాయి" అన్నడు.
"ఖనిజం ఉంటే లీజు,
లీజు ఉంటే పట్టా, పట్టా ఉంటే..."
పట్టా తర్వాతది చెప్పకుండ
బల్ల మీద టీ పైసలు పెట్టిండు.
టీ పైసలే అన్నడు గని
నా బిడ్డ కాలేజీ ఫీజంత ఉండె.

రాయి అన్నడు. నేను రాసిన. రాయి పుట్టింది.
"సదరు గుట్ట యందు శ్రేష్ఠమైన పలుగు
సమృద్ధిగా కలదని మనవి."

కలదన్నంక ఉండాలె గద.
గూడూరు దిక్కు నుంచి మూడు లారీలు దించిండ్రు.
ఈదమ్మ ముఠాను పిలిచిండ్రు.
సుత్తె చప్పుడు విని రాయి ఈడు చెప్పే మనిషి ఆమె.
"పుట్టినప్పటి సంది గుట్ట మీదికెళ్ళి రాయి దించినం సారూ,
గుట్టకు రాయి మోసుడు ఇదే మొదలు" అని
చుంబళం సర్దుకొని తట్ట ఎత్తుకున్నది.
తెల్లారి జియాలజిస్టు సారు వచ్చి
నల్లద్దాలు తీయకుండనే
మూడు రాళ్ళు సంచిల వేసుకొని పోయిండు.

ఇగ పాత సనదు కావాలన్నరు.
జలంధర్ రావు తాతకు ఆ గుట్ట తవ్వుకొమ్మని
ఎప్పటి దొరతనమో ఇచ్చినట్టు.
ఛత్తాబజార్‌కు నేనే తీస్కపోయిన,
కాతిబు వజీహుద్దీన్ సాబ్ కాడికి.
కంప్యూటర్లొచ్చినంక
పెండ్లి పత్రిక సుత రాయించేటోడు లేడాయనకు.
చాయ్ డికాక్షన్‌ల ముంచి
ఇటుక మీద ఆరబెట్టిన కాయిదం.
దాని మీద ఆయన అచ్చరాలు
నిద్రపోయే పావురాల లెక్క ఒదిగినయ్.
ఒక్కసారి ఊదిండు. చేతులు కడుక్కున్నడు.
పైసలు లెక్కపెట్టలే.

ఆ కాయిదం ఏడు బల్లలు దాటింది.
ఒకాయన భూతద్దం పెట్టి చూసిండు,
మరక పాతదా కొత్తదా అని.
చదివినోడు లేడు.

పలుగు ఎత్తిన లారీ ఒక్కటి బయటికి రాలే.
గుట్ట మాత్రం దిగిపోయింది.
కార్లకు కింద మూడంతస్తులు,
మనుషులకు మీద ముప్పై నాలుగు.
తీతువులు కొన్నొద్దులు రాత్రిపూట
క్రేన్ల చుట్టు అరుచుకుంట తిరిగినయ్.
రాళ్ళ నడుమ గుడ్లు పెట్టేటియి,
రాళ్ళేవి?
గేటు కాడ గడ్డి అంచుకు తెల్లరాళ్ళు పేర్చిండ్రు.
చూడంగనే గుర్తు పట్టిన,
ఈదమ్మ మోసినయే.
ఆ గుట్టల దొరికిన ఖనిజం అంతే.

వజీహుద్దీన్ సాబ్ ఉస్మానియా దవాఖానల పడ్డప్పుడు పోయిన.
గొంతు లేదు.
నా అరచేతిల వేలుతోని రాసిండు,
ఉర్దూ మూడు, పక్కన ఇంకో మూడు.
తర్వాత "బహమన్" అని పెదవులు కదిపిండు.
నవ్వబోతే దగ్గొచ్చింది.
ముప్పై మూడో తారీఖు!
ఏ నెలకుంటది సాబ్, ఏ ఫసలీల ఉంటది?
దొంగ కాయిదం నడుమ
ఒక్క ముక్క నిజం దాసిపెట్టిండు,
పుణ్యాత్ముడెవడన్న చదువుతడేమోనని.
ఆయన పోయి నాలుగేండ్లు.

నిన్న నోటీసు వచ్చింది.
దరఖాస్తు రాసిన వ్యక్తి
గురువారం పదకొండు గంటలకు హాజరు కావాలెనట.
జలంధర్ రావు మనిషి ఫోన్ చేసిండు,
"యాదికి లేదను, అంతే" అని.
నా బిడ్డ అంగీ ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది.
ఎందుకో అడగలే.

రాత్రంత కూసొని
తెల్లకాయిదం మీద "తూర్పున" అని రాసి ఆపిన.
ముప్పై మూడు చెప్తే ఆయనతో పాటు నేనూ దొరుకుత.
చెప్పకుంటే...
లేచి మిద్దెక్కిన.
నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి
పొద్దు ఎటు పొడుస్తదో
మొట్టమొదటిసారి చూస్తున్న.