ఎటునుంచి

సోంపేట డయాలసిస్ గది. మూడో మంచం.
మా అన్న కూర్మారావు రక్తం
గొట్టంలో రెండు మెలికలు తిరిగి
మిషన్లోకి పోయి, కడుక్కుని వస్తోంది.
నాలుగ్గంటలు.
సెలవులో ఉన్నాను గనక ఇవాళ తోడు నేను.

వొళ్ళో లాప్‌టాప్. తెరమీద,
లడఖ్ కొండమీది అద్దాలు
మొన్న రాత్రి పట్టిన చుక్కలు.
"ఏటే అవి, సీమలా?" అన్నాడు.

చీమలు కావన్నా.
ఆకాశంలోంచి రేణువులు పడుతుంటాయి, రాత్రీ పగలూ.
పడుతున్నాయని తెలిసి వందేళ్ళు దాటింది.
ఎక్కడ పుట్టాయో మాత్రం
ఇప్పటికీ ఎవరూ పూర్తిగా చెప్పలేరు.
విద్యుదావేశం ఉంది కదా వాటికి,
దారిలో ప్రతి అయస్కాంత క్షేత్రమూ కాస్త పక్కకి లాగుతుంది.
మందస బయల్దేరినవాణ్ణి
మలుపు మలుపునా ఓ చుట్టం చెయ్యి పట్టుకు లాక్కెళ్ళినట్టు.
మన గుమ్మంలోకి వచ్చేసరికి
ఏ దిక్కునుంచి వచ్చాడో మొహం చూసి చెప్పలేం.

"మరెలగ?"

పుట్టినచోటే అవి పక్కనున్న వాయువుని గుద్దుకుంటే
గామా కిరణం బయల్దేరుతుంది.
దానికి ఆవేశం లేదు. ఏ చుట్టాన్నీ పలకరించదు.
వేల ఏళ్ళైనా గీత గీసినట్టే వస్తుంది.
మన గాలి తగిలి చితికి
ఒక్క నీలి మెరుపు,
రెప్పపాటులో పదికోట్లో వంతు.
ఆ మెరుపు వాలు చూసి వెనక్కి గీత గీస్తాం.
గీత చివర ఒక్కోసారి
పేలిపోయిన నక్షత్రం పెంకు ఉంటుంది.
ఒక్కోసారి ఏమీ ఉండదు.

అన్న చాలాసేపు మాట్లాడలేదు.
నర్సొచ్చి బీపీ చూసి పోయింది.
కొబ్బరిచెట్లెక్కిన పాదాలు,
నొక్కితే వేలి గుంట అలాగే ఉండిపోయింది.

"మన నూతిలో నీళ్ళు పట్టుకెళ్ళారు.
మట్టి పట్టుకెళ్ళారు. బియ్యం, పురుగుమందు డబ్బా,
నా రగతం, సీసాల్లో పోసి పట్టుకెళ్ళారు.
పదేళ్ళయిపోనాది.
ఎటునుంచొచ్చిందో ఒక్కడూ సెప్పలేదు.
సూటిగొచ్చీది ఏదో ఒకటుండాల గదే,
దీనికీను?"

ఉంటుందన్నా, అనబోయాను.
కొలవకుండా అనకూడదు మా పనిలో.

సూది లేని చెయ్యి తీసుకుని అరచెయ్యి విప్పాను.
వాటి పిల్లలు ఇందులోంచి
నిమిషానికి వంద దాకా పోతుంటాయి, ఇప్పుడు కూడా,
అని చెప్పాను.
"నీ సేతిలోంచో?"
నా చేతిలోంచీ.

"ఐతే సరే" అని కళ్ళు మూసుకున్నాడు.
మిషన్ మీద ఎర్ర అంకె:
ఇంకా గంటా పది.