ఎస్ సిక్స్, నలభై ఒకటి

బల్లార్షా టేసన్ల ఏడు నిమిషాలే ఆగుతది రైలు.
స్కూటీ గేటు కాడ పడేసి
ఎర్ర సంచి ఈపుకేసుకొని
రెండేసి మెట్లు దూకుతున్న.
పదిహేడేండ్ల కాళ్లు జూసే
పనిచ్చిండు వాంఢరే సేఠ్,
లైసెన్సు మాట మే నెల దాకా ఎత్తకన్నడు.

తాత ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే పుట్టిన ఓదెలును.
మరాఠీ బడిల సారు నోరు తిరగక ఓడ్యానైన,
దుకాణంల ఉత్త పోర్యాను.

నలభై ఒకటో బెర్తు మీద ఒకామె, ఇద్దరు పిల్లలు.
"భయ్యా, కిత్నా హువా?"
"రెండొందల ఎనభై తొమ్మిదమ్మా."
"అరె, తెలుగు మంచిగొచ్చే నీకు! ఎక్కడ నేర్చుకున్నవ్?"

ఏం చెప్పాలె.
బొగ్గుబాయి నుంచి ఎక్కొచ్చినంక
బాపు దగ్గుకూ దగ్గుకూ నడుమ మాట్లాడేది
అదే భాష అందునా.

ఐదొందల నోటు నా చేతిల పెట్టింది.
చిల్లరకు జేబుల చెయ్యి పెట్టేసరికి
కిటికీ అవతల అరటిపండ్ల బండి ఎనుకకు నడిచింది.
అది కాదు నడిచింది,
మేము.

తలుపు కాడికి ఉరికితే
ప్లాట్‌ఫారం అయిపోయింది, కింద వార్ధా,
నీళ్లల్ల కాగితం మిల్లు దీపాలు వణుకుతున్నయి.
ఫోన్ల నా నీలిచుక్క నది నడుమ నిలవడి
తొవ్వ కోసం ఎతుకుతున్నది.
సంచిల ఇంకో డబ్బా ఉన్నది:
గనుల కాలనీ, నూటపన్నెండో క్వార్టరు,
పంపు ఆపరేటరు బిడ్డ పుట్టినరోజు.

మాణిక్‌గఢ్ సిగ్నల్ కాడ దూకిన.
కంకర. చీకటి. సిమెంటు వాసన.
రైలు ఎనుకటి ఎర్రదీపం సన్నగైనంక
పిడికిలి ఇప్పితే ఐదొందల నోటు.
రెండొందల పదకొండు బాకీ పడ్డ.

సేఠ్ ఫోన్ల తిట్టినయి ఇక్కడ రాయను,
అవి మరాఠీల ఉంటేనే అందం.
రెండో డబ్బా పైసలు జీతంల కోస్తడంట.
కోసినంక అది నాదే గదా.

టార్చి కొట్టుకుంట వచ్చిండు గ్యాంగ్‌మన్ మడావి కాకా.
స్లీపరు దిమ్మె మీద కూసొని డబ్బా తెరిచినం.
ఆర్నెల్ల సంది మోస్తున్న,
ఒక్కటి నోట్లె పెట్టుకున్నది లేదు.
కాకా ముక్క లేపితే తీగలు సాగి
మీసానికి చుట్టుకున్నయి.
నమిలి, నమిలి,
"జొన్నరొట్టె కాలకముందే తీసిండ్రు" అన్నడు.
ఇంకో ముక్క తీసుకున్నడు.

నాకు చల్లటి మైదపిండే తగిలింది.
అంచుకు ఒక మక్కగింజ మాత్రం తియ్యగుండె,
దాన్ని పంటికింద చానసేపు ఆపుకున్న.
ఆ పిల్ల ఇంకా గేటు దిక్కు చూస్తుండొచ్చు.
ఆ సంగతి కాకాకు చెప్పలె.

ఫోను టింగుమన్నది.
ఎస్ సిక్స్, నలభై ఒకటి. ఐదు చుక్కలు.
"వేడిగా ఉంది. అబ్బాయి తెలుగు చక్కగా మాట్లాడాడు."
చిల్లర మాట రాయలె.

చెప్పుకుందామని ఆమె నంబరు తెరిచిన.
అక్కడా చుక్కలే.