జనవరి ఒకటి

మీ-సేవ కాడి పిలగాడు
"పుట్టిన తారీకు చెప్పు అవ్వా" అన్నడు.
"పోలీస్ యాక్షన్" అన్న.
స్క్రీన్ల ఎతికిండు. గసొంటి డబ్బ లేదట.
జనవరి ఒకటి కొట్టిండు.
నా యెనక లైన్ల నిలబడ్డ ముసలోళ్ళందరిదీ
జనవరి ఒకటేనట.
ఒక్కనాడే ఇంతమందిని కన్నదా ఈ పట్నం?

నేను పుట్టింది వానకాలం.
బేగంబజార్ల చింతపండు గోదాం.
ఆలేరు దిక్కు నుంచి రైలెక్కి ఉరికొచ్చిన అమ్మ
బస్తాల సందున పండుకున్నది.
ఐదొద్దుల లడాయిల అది ఎన్నో వొద్దో
ఆమెకు యాదికి లేదు.
"రేడియో నోరు మూసిన రాత్రి" అనేది ఒకసారి,
"పాలోడు రాని మూడో దినం" అనేది ఇంకోసారి.

బొడ్డు కోసింది ఖాసింబీ.
పక్క గల్లీల బీడీలు చుట్టేది.
ఆకు కత్తిరించే కత్తెరనే
దీపం మీద కాల్చి, కొంగుకు తుడిచింది.
తునికాకు వాసన ఇంక నీ బొడ్డుల ఉన్నదని
అమ్మ నవ్వేది.
వేలు పెట్టి వాసన చూసుకున్న గూడ, చిన్నప్పుడు.

నేను కెవ్వుమనబోయిన్నట.
బయట బూట్ల సప్పుడు.
ఎవలియో తెల్వదు.
ఆ రాత్రి ఎవలి బూట్లదైనా ఒక్కటే సప్పుడు.
ఖాసింబీ అరచెయ్యి నా నోటి మీద పడ్డది.
మెత్తగనే. గని తియ్యలే.
అమ్మ లోపట్లోపట లెక్కపెట్టిందట.
ఆమెకు ఇరవై దాకనే వచ్చు.
మల్ల ఒకటి నుంచి మొదలు.
మల్ల ఒకటి నుంచి.

ఆ బూట్లల్ల ఖాసింబీ కొడుకువి ఉన్నయో లేవో.
బేస్తారం జెండ పట్టుకొని పోయిండు.
శుక్రారం పట్నం చేతులు మారింది.
వాడు రాలే.

అప్పట్నుంచి ఆమె మా గోదాం మెట్ల మీద కూసునేదట
నన్ను ఒళ్ళె ఏసుకొని.
"రో బేటీ, రో" అనేదట.
నేనేమో నోరు తెరిచి, సప్పుడు లేకుంట
ఆమె మొకంలకు చూసేదాన్నట.
తర్వాత మూసీ అవతలికి పోయింది అన్నరు.
కత్తెర మా ఇంట్లనే మర్శిపోయింది.
మేం తీస్కపోయి ఇయ్యలే.
ఇప్పుడు దానితోని పాల పాకెట్లు కోస్త.

ఇంట్ల నా పేరు లడాయి.
బడిల ఏసేటప్పుడు సారు 'ల' రాసి ఆగిండు,
నా దిక్కు చూసిండు,
లలిత అని పూర్తి చేసిండు.

సిగరెట్ల కంపెనీల డబ్బలు అతికిచ్చిన
ఇరవై ఏడేండ్లు.
మిషన్ల మోతల నాకు నిద్ర వచ్చేది,
మిషన్ ఆగితే ఉలిక్కిపడి లేసేదాన్ని.
కోఠి దవఖానల కాన్పయితుంటే
ఇది అరుస్తలేదేందని నర్సమ్మ
చెంప మీద కొట్టి చూసింది.
పెనిమిటి పోయిన్నాడు
గల్లంత చెవులు పెట్టుకొని నిలబడ్డది.
రాయి అన్నరు.
రాయినే. రాయి కింద ఎవలి చెయ్యి ఉన్నదో
వాళ్ళకెట్ల తెలుస్తది?

డెబ్బై ఒకటిల ఒక రాత్రి సైరన్ కూసింది.
లైట్లు బందు చేయాలె, కిటికీకి నల్లకాయితం పెట్టాలె,
అంతే చెప్పిండ్రు.
ఏడవొద్దని ఎవలు చెప్పలే.
నా రెండో బిడ్డ గుక్కపట్టింది.
చీకట్ల నా కుడిచెయ్యి దానంతటదే లేసింది.
బిడ్డ ఊపిరి అరచేతికి ఎచ్చగ తగిలినంక
తెలివికొచ్చిన.
ఆ చెయ్యిని తొడ కింద పెట్టుకొని
తెల్లారేదాక దాని మీదనే కూసున్న.
తిమ్మిరెక్కి, పొద్దుగాల చాయ్ గిలాస గూడ పట్టలేకపోయిన.
పెనిమిటి అడిగితే
పక్షవాతమేమో అన్న.

నిన్న కార్డొచ్చింది.
ఫోటోల నోరు గట్టిగ మూసుకొని ఉన్న.
మనుమడు టీవీ పెట్టిండు.
ఏ దేశమో. ఇండ్లు కూలినయి.
నేలమాళిగల ఒక తల్లి, చేతుల గుడ్డ మూట,
పక్కన ఇంకో ముసలామె చెయ్యి.
అవ్వ బీపీ పెరుగుతదని
పిలగాడు సౌండు తగ్గిచ్చిండు.

పెంచు, అన్న.
ఇంకింత పెంచు బిడ్డా.
ఆ మూట ఏడుస్తున్నదో లేదో
నన్ను ఇననియ్యి.