రఫూ

లక్క ముద్ర పగిలిన మూట
నా మిషను మీద పెట్టి
ఓదెలు సారు కూసోలే.
కోర్టోళ్లు ఇయ్యాల్నే ఇచ్చిండ్లట.
నాలుగేండ్లకు.

విప్పంగనే గుర్తువట్టిన, కుట్టు నాది.
మట్టెవాడ స్టేషనుకు ఖాకీ అంగీలు
మా నాయిన కాలం నుంచి మేమే కుడతం.
జేబు మూత మూలను జర గుండ్రంగ తిప్పుత.
ఎవ్వలూ చూడరు. నాకు తెలుస్తది.

ఎడమ పక్క, మూడో గుండీకి జానెడు దూరంల
చీలిక.
బొటనవేలు ఆనించి కొలిచిన, అంత గూడ లేదు.
పోయేటప్పుడు సక్కగ పోయింది,
పేక పోగులు సాపుగ తెగినయి.
వచ్చేటప్పుడు మెలిదిరిగింది,
పడుగంత పీచు పీచు.
బట్టకు అబద్ధం చెప్పరాదు.

దాని కింద ఇంకో బొక్క.
అగ్గిపెట్టెంత, నాలుగు మూలలు గీత గీసినట్టు.
"ఇదేంది సారూ?"
"ల్యాబోళ్లు.
నెత్తురు నాదేనా అని చూసెటందుకు కోసుకున్నరు."
కత్తి చేసింది చిన్నది.
కత్తెర చేసింది పెద్దది.

ఆ రాత్రి సంగతి ఊరందరికెరుకే.
పోచమ్మ మైదాన్ల పుచ్చకాయల బండి,
బండి మీద కత్తి, కత్తి మీద ఈగలు.
పదకొండు దాటింది.
బండాయన చిల్లర లెక్కవెట్టుకుంటున్నడు.
ఓదెలు సారుకొక ముక్క, పోరిక దేవ్‌సింగ్‌కొక ముక్క,
ఉప్పు చల్లి.
ఏ దిక్కుకెల్లి వచ్చిండో ఆ పిలగాడు.

ఎందుకు?
టీవోళ్లు ఒకటన్నరు, చాయ్ హోటల్ల ఇంకోటన్నరు.
వాని కులమడిగిండ్లు, మతమడిగిండ్లు,
ఫోన్ల ఏం చూసేటోడని అడిగిండ్లు.
ఎవ్వలకు సరిపోయే ఎందుకు
వాళ్లు ఏరుకొని పట్టుకపోయిండ్లు.
వాడు మాత్రం బోనుల నిలవడి
ఫ్యాను దిక్కు చూసిండట.
ఆ ఎండకాలం మా గల్లీల
పుచ్చకాయ కొన్నోడు లేడు.

అడుగొద్దనుకున్న, అడిగిన.
"నీకన్న తెలుసా సారూ?"
"పక్కకు జరుగమన్న. నిమ్మలంగనే అన్న.
ముక్క తింటవా తమ్మీ అని
దేవ్‌సింగ్ అడిగిండు.
గంతే."

రెండో మూట ఇంక కోర్టులనే ఉన్నది.
సంతకం పెట్టి తీసుకపొమ్మని
ములుగుకు మూడుసార్లు కబురు పోయింది.
ఆమె రాలే.

రఫూ నాకు నేర్పింది శివనగర్ యాకూబ్ చిచ్చా.
పరాయి దారం రెండు ఉతుకులకు
మొకం చూపిస్తదనేటోడు.
ఏ బట్ట చినిగితే ఆ బట్టదే,
అంచు మడత లోపలికెల్లి
ఒక్కొక్క పోగు గుంజాలె.
గుంజిన. మూడు దినాలు.
కత్తెర బొక్కకు కాలరు లోపలి ముక్క అతికిన.
కత్తి చీలికకు పోగు మీద పోగు,
కండ్లల్ల నీళ్లు కారెదాక.
ఆ నీళ్లు సూది చూసి చూసి వచ్చినయే,
వేరే అనుకునేరు.

సారు వచ్చిండు.
అంగీని బుగ్గ వెలుగుకు పట్టిండు.
చూపుడువేలు పైకి పోయింది, కిందికి వచ్చింది,
మళ్ల పైకి పోయింది.
దొరుకలే.
రెండో చెయ్యి తన పక్కల మీదికి పోయింది,
తొడుక్కున్న అంగీ కిందికెల్లి.
ఆడ దొరికింది.

"విప్పు" అన్నడు.
"ఏంది సారూ?"
"కత్తిది విప్పు. కత్తెరది ఉండనియ్."

కుట్టుడు మూడు దినాలు.
విప్పుడు ఒక చాయ్ తాగినంత సేపు.
ఆయన చాయ్ తాగలే, గ్లాసు మీద మీగడ కట్టింది.
తెగిన పోగులు ఒక్కొక్కటే
మళ్ల మొకాలు బయటవెట్టినయి.

కూలి రెండింటికి ఇచ్చిండు,
కుట్టినదానికి, విప్పినదానికి.
వద్దన్న. వినలే.
అంగీ మడిచి చంకల పెట్టుకొని
మైదాన్ దిక్కు పోయే తొవ్వ ఇడిచి
ఎంజీఎం ఎనుక సందులకెల్లి
సుట్టు తిరిగి పోయిండు ఇంటికి.