మాట కింద పాట

సీఫ్ మాల్ల అర్ధరాత్రి దాటినంక
నేల తుడిసే మిషను ఆపి నిలవడ్డ.
అద్దం అవతల ఒక డబ్బా.
డబ్బా మీద ఒక దిక్కు పందొమ్మిదేండ్ల పిల్ల,
ఇంకో దిక్కు డెబ్బై ఏండ్ల ముసల్ది,
రెండు మొకాలూ ఒక్కామెవే.
డెల్లా మే టాలివర్.
నాలుగు సీడీలు, ఒక పుస్తకం,
యాభై ఒక్క ఏండ్ల గొంతు
ఇరవై రెండు దీనార్లు.
నా వారం కూలి.

ఈమె నాకెర్క.

గుదైబియాల అబూ జాసిమ్ కేసెట్ల దుకాన్ల
చాయ్ పోసుడు, ఊడ్సుడు,
రికార్డు కెల్లి కేసెట్ల పాటలెక్కిచ్చుడు నా పని.
జుఫైర్ కాడ జహాజు దిగిన అమెరికా పోరగాళ్ళు
రికార్డులు అమ్ముకొని తాగేటోళ్ళు.
"ఇవేం పాటలు సేఠ్?" అన్న ఒకనాడు.
"రూహ్" అన్నడు, గుండె మీద చెయ్యి వెట్టి.
రూహ్ అంటే పానం.
పానం పాటలన్నట్టు.
ఇంగ్లీషు నాకు తలుపుల మీద రాసిన కాడికే వచ్చు,
గని పానానికి సదువెందుకు?

ఫోను చేస్తే నిమిషానికి ఒక పూట బువ్వ పోయేది.
లస్మికి అక్షరం రాదు, నాకు రాయాల్నంటే సిగ్గు.
ఊరికి పోయేటోని సంచిల కేసెట్టు పంపుతుంటి.
కొత్తది కొనేటందుకు పైసలేవి?
చెడిపోయిన కాపీల మీద,
డెల్లా మే మీదనే, మాట్లాడేటోన్ని.

"ఇగో లస్మీ, నేను మంచిగున్న.
రూముల కూలరున్నది. పని అల్కగున్నది."

పన్నెండు మందిమి. ఒక్క ఫ్యాను.
అది బటన్ ఆపినంక చెప్పుకున్న, గోడకు.

మూడు నెలలకు అదే కేసెట్టు తిరిగొచ్చింది
రెండో దిక్కు లస్మి మాటతోని.
వెనుక కత్తెర సప్పుడు, తునికాకు కోసేది.
"నీ మాట ఒడిసినంక ఒకామె ఏడుస్తది.
ఎవలది?
వండి పెడుతున్నదా నీకు?"
నవ్విన. బొక్కలు నొచ్చేదాక నవ్విన.
కత్తెర ఆగింది. మల్ల ఆమెనే అన్నది,
"ఎవలైతేంది, మంచిగనే ఏడుస్తది.
వెయ్యి బీడీలు ఒడిసేదాక అదే వెడుతున్న.
నువ్వు చెప్పింది నమ్మలె గని
ఆమె చెప్పింది నమ్మిన."

అబూ జాసిమ్ పోయిండు. దుకాను మొబైల్ కవర్లదైంది.
ఆ కేసెట్టు మాత్రం నా తలాపునే ఉండె
తేపు నలిగి తెగేదాక.
ఎన్నిసార్లు విన్ననో, అసలు పాట ఎట్ల ఒడుస్తదో
మరిసేపోయిన.
సగం దాక డెల్లా మే,
ఆడికెల్లి "ఇగో లస్మీ."
నా లెక్కల పాటంటే అంతే.

ఇప్పుడు దినాం వీడియో కాలు.
మొకం కనవడుడు మొదలైనంక
మాట తక్వైంది.

దుకాన్ల రోడెల్ అని ఫిలిప్పీన్ పిలగాడు
షట్టర్ సగం దించి రమ్మన్నడు, చెవులకు తొడిగిండు.
పుస్తకం సదివి చేతులతోని చెప్పిండు,
రెండో సీడీకి మూడోదానికి నడుమ
తొమ్మిదేండ్లు ఆమె పాడలేదంట.
దవాఖానల దుప్పట్లు పిండిందంట.
డబ్బా మొత్తం ఎతికిన.
ఆ తొమ్మిదేండ్లు ఏ సీడీల లేవు.

పాట నడిసింది. సగానికొచ్చింది.
నా నోరు దానంతటదే తెరుసుకున్నది
"ఇగో లస్…"
డెల్లా మే ఆగలె.
నా మీదికెల్లి నడిసిపోయింది,
పోయి, పోయి, ఇంకో ఇల్లు కట్టినంత దూరం పోయి
డోలు ఆగినంక ఒక్క ఊపిరి తీసింది.
వెనుక ఎవలో దగ్గిండ్రు.
కుర్చీ కదిలిన సప్పుడు.
గంతే.

మల్ల వెట్టుమన్న.
ఈసారి ఒక చెవి నాకు, ఒక చెవి ఫోనుకు.
లస్మికి పంపి
మిషను మల్ల నడిపిచ్చిన.

తెల్లారగట్ల బస్సుల కూసున్నప్పుడు
రెండు నీలి గీతలు వడ్డయి.
ఆమె గొంతు, నిద్రల కెల్లి లేసింది, బొంగురుగ,
"ఓయ్,
ఇంకా నీతోనే ఉన్నదా ఆమె?"