నల్లబంతికి ఏడు

సోమవారం పొద్దున్నే కబడ్డీ స్కోరు చూసుకుని
అంగడి ఊడ్చినా.
ప్రొద్దుటూరులో బంగారుపని చేసే సందులో
చీపురుకు గూడా విలువుండాది.
ఊడ్చిన మన్ను పారెయ్యం.
గిన్నెలో పోసి, కడిగి, మళ్ళీ కడిగి
మిగిలిన మెరుపును ఆసిడ్‌లో వేసి లెక్క తేలుస్తాం.
మన్నులోంచి మిల్లీగ్రాములు తీసేది, అదే నా పని.

మంగళవారం రాత్రి యాడో చలిదేశంలో ఫుట్‌బాల్.
రెండున్నర దాకా మేలుకుని
పేరు గూడా నోరు తిరగని ఊరి కోసం గుండె బాదుకున్నా.
బుధవారం క్రికెట్టు, చెప్పేదేముంది,
అందరితో పాటు అరిచినా, అందరితో పాటు తిట్టినా.
వాటి మీద పైసా పెట్టను.
అరుపులుండే చోట నాకు లెక్క నిలవదు.

నేను పందెం కాసేది ఒక్క స్నూకర్ మీదే.
మైదుకూరు రోడ్డులో టైర్లంగడి మిద్దెపైన రెండు బల్లలు.
ఒకటి ఈశాన్యానికి వాలింది,
"వాస్తు బాగుండాది లే" అంటాడు మార్కరు జిలాని.
పచ్చగుడ్డ మీద సిగరెట్టు కాలిన మచ్చ,
దాని మీదికి పోతే బంతి కొంచెం మనసు మార్చుకుంటాది.
ఆ మచ్చ తెలిసినోడే ఈ ఊర్లో ఆటగాడు.

ఓబులేసుకు తెలుసు.
పగలంతా లారీల కింద పండుకుని గేర్‌బాక్సులు దించి
రాత్రి తొమ్మిదికి మోచేతుల దాకా సబ్బేసి కడుక్కుని వస్తాడు.
చూపుడువేలి గోట్లో మాత్రం గ్రీజు పోదు.
నేను వాని మనిషిని. మూడేండ్లుగా.
వాడు గెలిస్తే కారం దోసె నేనే తినిపిస్తా,
ఓడితే బల్లను తిడతా.

గురువారం వాని మీద అయిదొందలు, వచ్చింది.
శుక్రవారం వెయ్యి, వచ్చింది.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గెలుపు గూడా దోమే.

శనివారం ఫైనలు.
జమ్మలమడుగు నుంచి పత్తి బేరగాడి కొడుకు, గురివిరెడ్డి.
తెల్లచొక్కా, సొంత కర్ర, దానికో తోలుపెట్టె.
ఆట ముందర ఓబులేసు నన్ను నీళ్ళడిగినాడు.
గ్లాసు అందుకున్నాడు.
నీళ్ళ పైన సన్నని అల.
ఇంకెవరూ చూడలేదు. నేను చూసినా.
తరాజు ముల్లు వణికితే కనిపెట్టేదే గదా నా బతుకు.

మెట్లు దిగి, పందేలు రాసుకునే సుంకన్న చెవిలో
మూడువేలు అన్నా.
ఎవరి మీదని వాడు అడగలేదు, రాయబోయినాడు.
కాదని ఇంకో పేరు చెప్పినా.
పెన్ను ఆపి నా మొగం చూసి
కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాడు.

ఆఖరి ఫ్రేము. బల్ల మీద రంగంటూ నల్లబంతి ఒక్కటే.
నల్లబంతికి ఏడు మార్కులు. ఓబులేసు ఆరు వెనక.
తిన్నగా ఉండాది, చిన్నపిల్లోడైనా వేస్తాడు.
వాడు వంగినాడు.
నా నోరు "ఎయ్యి రా" అనింది.
నా జేబు "వద్దు" అనింది.
ఏది ముందు అనిందో ఇప్పటికీ తెలీదు.

నల్లది పోయింది. మిద్దె అదిరేటట్టు అరిచినారు.
తెల్లది ఆగలేదు.
మెల్లగా, తొందరేమీ లేనట్టు, మచ్చ దాటి
దాని ఎంబడే పోయి అదే గుంతలో పడింది.
ఆ తర్వాత జిలాని బోర్డు మీద
సుద్దముక్క గీకే చప్పుడు.

కింద గోలీసోడా తాగుతా ఓబులేసు అన్నాడు:
"నీ దుడ్లు గూడా పోగొట్టినా గదన్నా."
సోడాకు నేనే ఇచ్చినా.
ఏ జేబులోంచి తీయాల్నో ఒక్క గడియ తోచలేదు.
"వచ్చేవారం ఎర్రగుంట్లలో ఆట. నువ్వు రా.
నువ్వు పక్కన నిలబడితే నా చెయ్యి నిలబడతాది."
ఊ అన్నా.

ఆదివారం సెలవు. అయినా అంగడి తీసి
వారం పొడుగునా ఊడ్చిన మన్నంతా కడిగినా.
నల్లగా, బూడిదగా, ఆఖరికి తేటగా నీళ్ళు.
గిన్నె అడుగున గోరంత మెరుపు.
తరాజులో వేసినా.
ఫోన్లో ఎవరిదో స్కోరు మారతాంది, పోనీ.
ఫ్యాను ఆపినా.
ఊపిరి గూడా ఆపినా.
ముల్లు ఇంకా ఊగుతానే ఉండాది.